ఫారం సబ్మిట్ నొక్కాక సర్వర్‌లో మనం చేయాల్సిన పని

కోడ్ ముట్టుకునే ముందు ఒక పని చేయండి. మీరు తయారు చేసిన ఏదో ఒక ఫారం తెరిచి, బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ ఓపెన్ చేసి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఉండి ఫారం నింపి సబ్మిట్ కొట్టండి, తర్వాత ఆ రిక్వెస్ట్ మీద క్లిక్ చేసి పేలోడ్ దగ్గర సోర్స్ చూడండి. మీరు కష్టపడి పెట్టిన లేబుల్స్ అక్కడ ఉండవు, తప్పనిసరి అని చెప్పే ఎర్ర చుక్క ఉండదు, డ్రాప్‌డౌన్ ఉండదు, కేలండర్ ఉండదు. ఇదిగో ఇలాంటి లైన్ ఒకటి ఉంటుంది, అంతే:

పేరు=లత&వయసు=25&ఆసక్తి=సంగీతం&ఆసక్తి=చదువు&అభిప్రాయం=

చదవడానికి వీలుగా ఉంటుందని తెలుగులో రాశాను గానీ అసలు వెళ్లేటప్పుడు తెలుగు అక్షరాలన్నీ పర్సెంట్ గుర్తులుగా మారిపోయి వెళ్తాయి, దాని సంగతి కింద చెప్తా. ముఖ్యమైనది ఏంటంటే సర్వర్‌కి చేరేది ఈ లైన్ మాత్రమే. ఇది మీ ఫారం నుంచి వచ్చిందా, ఎవరైనా కర్ల్ అనే, టెర్మినల్ నుంచి రిక్వెస్ట్‌లు పంపే టూల్‌తో చేత్తో టైప్ చేసి పంపారా అనేది దాన్ని చూసి చెప్పలేం. ఫారం మనం రాసిందే కావచ్చు, అందులోంచి వచ్చే డేటా మాత్రం ఎవరో బయటి మనిషి రాసింది, ఇది ఒక్కటి బుర్రలో ఉంటే మిగతా రూల్స్ అన్నీ బట్టీ పట్టక్కర్లేదు, వాటంతట అవే వస్తాయి.

గెట్, పోస్ట్ తేడా త్వరగా చెప్పేసి ముందుకెళ్దాం. గెట్ పెడితే ఆ లైన్ అంతా అడ్రస్‌లో ప్రశ్న గుర్తు తర్వాత వస్తుంది, అంటే బ్రౌజర్ హిస్టరీలో ఉంటుంది, సర్వర్ లాగ్‌లో ఉంటుంది, లింక్ ఎవరికైనా పంపితే వాళ్లకీ వెళ్తుంది. వెతకడానికి, ఫిల్టర్ చేయడానికి అది మంచిదే. డేటా మార్చే పని ఏదైనా, అంటే చేర్చడం, తీసేయడం, లాగిన్ అవ్వడం, ఇవన్నీ పోస్ట్‌లోనే చేయాలి. పోస్ట్‌లో అదే లైన్ రిక్వెస్ట్ బాడీలో వెళ్తుంది. పోస్ట్ అంటే దాచినట్టు అనుకోకండి, హెచ్‌టీటీపీఎస్ లేకపోతే దారిలో ఎవరైనా రెండూ ఒకేలా చదువుకోగలరు.

పాత ట్యుటోరియల్స్ చూసి నేర్చుకుంటున్నవాళ్లకి ఒక మాట. పీహెచ్‌పీ తొలి వెర్షన్లకి పీహెచ్‌పీ/ఎఫ్ఐ అని పేరుండేది, ఎఫ్ఐ అంటే ఫారమ్స్ ఇంటర్‌ప్రెటర్, అంటే ఫారం డేటా తీసుకోవడం అనేది ఆ భాష పుట్టుకలోనే ఉంది. అప్పట్లో ఫారంలో ఫీల్డ్ పేరు ఏదైతే అదే పేరుతో వేరియబుల్ తనంతట తనే తయారైపోయేది, దాన్ని రిజిస్టర్ గ్లోబల్స్ అనేవాళ్లు. అడ్రస్ చివర అడ్మిన్=1 అని తగిలిస్తే కోడ్‌లో అడ్మిన్ అనే వేరియబుల్ పుట్టుకొచ్చేది, ఎంత ప్రమాదమో చూడండి. 2002లో 4.2 వెర్షన్‌తో డీఫాల్ట్‌గా ఆపేశారు, 2012లో 5.4లో పూర్తిగా తీసేశారు. కోట్స్ ముందు స్లాష్ తనే పెట్టే మ్యాజిక్ కోట్స్ కూడా అదే 5.4లో పోయింది. ఈ రెండింటి మీద ఆధారపడ్డ కోడ్ ఎక్కడైనా కనిపిస్తే అక్కడినుంచి కాపీ చేయకండి.

అసలు ఏం వస్తుంది, ఏం రాదు

కొత్తగా చేసేవాళ్లు ఎక్కువ టైమ్ పోగొట్టుకునేది ఇక్కడే. ఫీల్డ్‌కి నేమ్ అట్రిబ్యూట్ లేకపోతే అది అసలు రాదు, ఐడీ ఒక్కటి పెడితే చాలదు. డిసేబుల్ చేసిన ఫీల్డ్ రాదు, రీడ్ఓన్లీ చేసింది వస్తుంది. చెక్‌బాక్స్ టిక్ చేయకపోతే "కాదు" అనో సున్నా అనో రాదు, ఆ పేరే రాదు. టిక్ చేసి వాల్యూ ఇవ్వకపోతే "ఆన్" అనే మాట వస్తుంది. అందుకే ఎడిట్ పేజీలో ఎవరైనా టిక్ తీసేసి సేవ్ చేస్తే మీ కోడ్ "ఈ ఫీల్డ్ రాలేదు కాబట్టి పాతదే ఉంచుదాం" అనుకుంటుంది, టిక్ ఎప్పటికీ పోదు. చెక్‌బాక్స్ విషయంలో రాకపోవడమే సమాధానం అని కోడ్‌లో రాసుకోవాలి.

ఒకే పేరుతో రెండు మూడు వాల్యూస్ వస్తే, పైన ఆసక్తి రెండుసార్లు వచ్చింది కదా, ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. పీహెచ్‌పీలో పేరు చివర చదరపు బ్రాకెట్లు పెట్టకపోతే ఆఖరిది ఒక్కటే మిగులుతుంది. పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌లు జాంగో, ఫ్లాస్క్ చూస్తే, జాంగోలో మామూలు గెట్ ఫంక్షన్ (పైన చెప్పిన గెట్ రిక్వెస్ట్ కాదు) వాడితే ఆఖరిది ఇస్తుంది, ఫ్లాస్క్‌లో మామూలు గెట్ ఫంక్షన్ మొదటిది ఇస్తుంది, రెండింట్లోనూ అన్నీ కావాలంటే గెట్‌లిస్ట్ వాడాలి. టెస్ట్ చేసేటప్పుడు ఒక్క బాక్స్ మాత్రమే టిక్ చేసి చూస్తే ఈ బగ్ ఎప్పటికీ దొరకదు.

దీనికి తిరగేసిన సమస్య కూడా ఉంది. మీరు ఒక్క పేరు అడిగారు, ఎవరో కావాలని పేరు[]=లత అని పంపారు, పీహెచ్‌పీ దాన్ని అర్రే చేసి ఇస్తుంది, మీరు దాన్ని ట్రిమ్‌కి ఇస్తే పీహెచ్‌పీ 8లో టైప్ ఎర్రర్ వచ్చి పేజీ పడిపోతుంది. పడిపోతే నయమే. నోడ్‌లో నడిచే ఎక్స్‌ప్రెస్ ఫ్రేమ్‌వర్క్‌లో ఎక్స్‌టెండెడ్ పార్సింగ్ ఆన్‌లో ఉంటే, లాగిన్ ఫారంకి పాస్‌వర్డ్[$ne]=x అని పంపితే అది ఆబ్జెక్ట్‌గా మారుతుంది, ఆ పాస్‌వర్డ్ ఫీల్డ్‌ని అలాగే తీసుకెళ్లి మాంగోడీబీ డేటాబేస్ క్వెరీలో పెడితే "పాస్‌వర్డ్ దీనికి సమానం కానిది" అనే షరతుగా మారి లాగిన్ తెరుచుకుంటుంది. కాబట్టి ప్రతి ఫీల్డ్‌కీ మొదటి చెక్ ఇదే, ఇది స్ట్రింగేనా? కాకపోతే అక్కడే 400, అంటే రిక్వెస్ట్ తప్పు అనే హెచ్‌టీటీపీ కోడ్, ఇచ్చి పంపేయండి.

ఫారం సబ్మిట్ చేస్తే అంతా ఖాళీగా వస్తోందని చాలామంది అడుగుతుంటారు, దానికి కారణాలు కొన్నే. ఎక్స్‌ప్రెస్‌లో యూఆర్ఎల్‌ఎన్‌కోడెడ్ అనే మిడిల్‌వేర్ (రిక్వెస్ట్ మీ కోడ్‌కి చేరేలోపు నడిచే ముక్క) పెట్టకపోతే బాడీ ఉండదు. ఫైల్స్ పంపడానికి వాడే మల్టీపార్ట్ ఫారం అయితే ఆ మిడిల్‌వేర్ కూడా పనిచేయదు, మల్టర్ లాంటి లైబ్రరీ కావాలి. జావాస్క్రిప్ట్‌తో జేసన్ పంపుతుంటే పీహెచ్‌పీలో $_పోస్ట్ ఖాళీగానే ఉంటుంది, రా ఇన్‌పుట్ చదివి డీకోడ్ చేసుకోవాలి, జాంగోలో కూడా అంతే. ఇంకొకటి సైజు. పీహెచ్‌పీలో పోస్ట్ సైజు లిమిట్ డీఫాల్ట్ 8 ఎంబీ, అది దాటితే ఎర్రర్ పేజీ ఏమీ రాదు, $_పోస్ట్, $_ఫైల్స్ రెండూ ఖాళీ అయిపోయి కోడ్ మామూలుగా నడుస్తుంది, యూజర్‌కేమో "పేరు రాయలేదు" అని చూపిస్తుంది, ఆయన పేరు రాశాడు పాపం. ముందు ఎన్‌జింక్స్ వెబ్ సర్వర్ ఉంటే, డీఫాల్ట్‌గా 1 ఎంబీ దాటగానే తనే 413 (మరీ పెద్దది అనే కోడ్) ఇచ్చేస్తుంది, మీ కోడ్ దాకా రాదు. కాబట్టి పోస్ట్ రిక్వెస్ట్ వచ్చి, కంటెంట్ లెంగ్త్ పెద్దగా ఉండి, ఫీల్డ్స్ ఒక్కటీ లేకపోతే "ఫైల్ మరీ పెద్దది" అనే మెసేజ్ చూపించే కోడ్ విడిగా రాసుకోండి.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకో లిమిట్. ఒక శిక్షణ సంస్థకి మార్కుల షీట్ చేసి ఇచ్చాం, 150 మంది, ఒక్కొక్కళ్లకి 7 గడులు, మొత్తం ఒకే పేజీలో ఒకే సేవ్ బటన్. మొదట్లో వంద మంది ఉన్నప్పుడు బ్రహ్మాండంగా పనిచేసింది. తర్వాత చివర్లో ఉన్న కొందరి మార్కులు మాయమవుతున్నాయని ఫోన్ వచ్చింది. ఎర్రర్ లేదు, సేవ్ అయింది అని పచ్చగా మెసేజ్ కూడా వస్తోంది. పీహెచ్‌పీ ఒక రిక్వెస్ట్‌లో డీఫాల్ట్‌గా 1000 వేరియబుల్స్ మాత్రమే తీసుకుంటుంది, మిగతావి లాగ్‌లో ఒక వార్నింగ్ రాసి వదిలేస్తుంది. 150 ఏడులు 1050. అంటే 143వ మనిషి వరసలో మధ్యలో తెగిపోయింది, ఆ తర్వాత వాళ్లు లేనే లేరు. మేం సేవ్ చేసే పద్ధతి ఏమో పాతవన్నీ డిలీట్ చేసి కొత్తవి ఇన్సర్ట్ చేయడం, దాంతో ఆ చివరివాళ్ల పాత మార్కులు కూడా పోయాయి. బ్యాకప్ నుంచి తెచ్చి పెట్టాం గానీ మధ్యలో ఒక రోజు దిద్దినవి మళ్లీ చేత్తో ఎక్కించాల్సి వచ్చింది, వాళ్ల స్టాఫ్ రాత్రి దాకా కూర్చున్నారు. అప్పటినుంచి పెద్ద ఫారం ఏదైనా చివర్న "ముగింపు=1" అని ఒక హిడెన్ ఫీల్డ్ పెడతాను, అది రాకపోతే మధ్యలో ఎక్కడో తెగిందని అర్థం, ఏమీ సేవ్ చేయకుండా ఆపేస్తాను. జాంగోలో కూడా 1000 ఫీల్డ్స్ లిమిట్ ఉంది, అది మాత్రం తెంపకుండా రిక్వెస్ట్‌నే తిప్పి పంపేస్తుంది, నాకు అదే సరైన పద్ధతి అనిపిస్తుంది.

తెలుగు టైప్ చేస్తే ఏమవుతుంది

శ్రీ అనే అక్షరం తీసుకుందాం. కంటికి ఒక్కటే. కంప్యూటర్‌కి అది శ, పొల్లు, ర, గుడి దీర్ఘం, మొత్తం 4 కోడ్ పాయింట్లు, అంటే యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకి ఇచ్చిన నంబర్లు. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింట్ ఒక్కోటి 3 బైట్లు, అంటే 12 బైట్లు. ఫారంలో వెళ్లేటప్పుడు ఒక్కో బైట్ పర్సెంట్ గుర్తు, రెండు అంకెలుగా మారుతుంది, అంటే 36 క్యారెక్టర్లు. ఒక్క శ్రీకి ఇంత. ఇది తెలిస్తే చాలా వింతలకి సమాధానం దొరుకుతుంది. పీహెచ్‌పీలో ఎస్‌టీఆర్‌లెన్ 12 అంటుంది, ఎంబీ అండర్‌స్కోర్ ఎస్‌టీఆర్‌లెన్ 4 అంటుంది, పైథాన్ లెన్ 4 అంటుంది. పేరు 50 అక్షరాల లోపు ఉండాలి అని ఎస్‌టీఆర్‌లెన్‌తో చెక్ పెడితే తెలుగులో 16 కోడ్ పాయింట్లకే అయిపోతుంది, ఇంటి పేరు రాసేసరికే ఆగిపోతారు. మైఎస్‌క్యూఎల్‌లో వార్‌చార్ 50 అంటే 50 కోడ్ పాయింట్లు, ఒరాకిల్ వార్‌చార్2లో మీరు వేరేగా చెప్పకపోతే 50 బైట్లు. ముందు మీ డేటాబేస్ ఏది లెక్కపెడుతుందో చూసుకుని వాలిడేషన్ దానికి తగ్గట్టు పెట్టండి. పాస్‌వర్డ్‌లని హ్యాష్ చేసి దాచడానికి బీక్రిప్ట్ వాడితే అది 72 బైట్లే చూస్తుంది, తెలుగులో రాసిన పాస్‌ఫ్రేజ్ అయితే 24 కోడ్ పాయింట్ల తర్వాత ఏం రాసినా దానికి పట్టదు.

పేరులో అక్షరాలు మాత్రమే ఉండాలి అనే చెక్ కూడా ఇక్కడ దెబ్బతింటుంది. పైథాన్‌లో తెలుగు అనే మాటని ఈజ్‌ఆల్ఫా అని అడిగితే ఫాల్స్ అంటుంది, ఎందుకంటే ఎత్వం, కొమ్ము యూనికోడ్ లెక్కలో అక్షరాలు కావు, మార్కులు. రెజెక్స్‌లో, అంటే టెక్స్ట్ ఏ నమూనాలో ఉండాలో చెప్పే సూత్రంలో, లెటర్ క్లాస్‌తో పాటు మార్క్ క్లాస్ కూడా ఇవ్వాలి. ఇంకా కనిపించని క్యారెక్టర్లు అన్నీ తీసేద్దాం అని కొందరు జీరో విడ్త్ నాన్ జాయినర్‌ని (రెండు అక్షరాలు కలిసిపోకుండా ఆపేది) కూడా తీసేస్తారు, తెలుగులో సాఫ్ట్‌వేర్ లాంటి మాట సరిగ్గా కనపడాలంటే ట్ తర్వాత అది ఉండాల్సిందే, తీసేస్తే వ కాస్తా ట కింద ఒత్తుగా దిగిపోతుంది. నా అభిప్రాయం అడిగితే మనిషి పేరు మీద అసలు రెజెక్సే పెట్టకండి, ఖాళీ కాకుండా, మరీ పొడవు కాకుండా, లైన్ బ్రేక్‌లు లేకుండా ఉంటే చాలు. ఎవరి పేరు సరైనదో కోడ్ చెప్పడం బాగోదు.

ప్లస్ గుర్తు గురించి ఒక్క మాట. ఈ ఎన్‌కోడింగ్‌లో స్పేస్ ప్లస్‌గా వెళ్తుంది, అసలు ప్లస్ అయితే పర్సెంట్ రూపంలో వెళ్తుంది. బ్రౌజర్ పంపితే ఇబ్బంది లేదు గానీ మీరు జావాస్క్రిప్ట్‌లో స్ట్రింగ్‌లు అతికించి పంపితే ఫోన్ నంబర్ ముందున్న ప్లస్ కాస్తా సర్వర్‌లో స్పేస్ అయిపోతుంది.

కడగడం వేరు, పరీక్షించడం వేరు

ఈ రెండూ కలిపేసి రాస్తే కోడ్ గజిబిజి అవుతుంది. కడగడం అంటే అర్థం మారకుండా సరిచేయడం. ముందు వెనక స్పేస్‌లు తీసేయడం, యూనికోడ్‌ని ఎన్‌ఎఫ్‌సీకి నార్మలైజ్ చేయడం (ఒకే అక్షరాన్ని రెండు రకాలుగా రాయగలిగితే ఒకే రకానికి తేవడం), టెక్స్ట్ ఏరియాలో లైన్ బ్రేక్‌లు ఒకే రకంగా చేయడం. బ్రౌజర్ టెక్స్ట్ ఏరియాలో ప్రతి ఎంటర్‌ని క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్ రెండూ కలిపి పంపుతుంది, మ్యాక్స్‌లెంగ్త్ లెక్కేసేటప్పుడు మాత్రం ఒకటే అనుకుంటుంది, అందుకే బ్రౌజర్‌లో 500 లోపే ఉందని చూపించింది సర్వర్‌లో 507 అవుతుంది, యూజర్‌కి అర్థం కాదు మనకీ అర్థం కాదు. ముందు ఒకటిగా మార్చి తర్వాత లెక్కపెట్టండి. పాస్‌వర్డ్‌ని మాత్రం ట్రిమ్ చేయకండి.

పరీక్షించడం అంటే సరే లేదా కాదు అని తేల్చడం. కాదు అయితే యూజర్‌కి చెప్పాలి, మనమే ఏదో ఊహించి మార్చకూడదు. బ్రౌజర్‌లో రిక్వైర్డ్, మిన్, మ్యాక్స్ అన్నీ పెట్టాం కదా మళ్లీ ఎందుకు అంటారు కొందరు. పెట్టండి, యూజర్‌కి వెంటనే తెలుస్తుంది, మంచిదే. సర్వర్ మాత్రం అవి లేవనుకునే నడవాలి, ఎందుకంటే డెవలపర్ టూల్స్‌లో ఆ అట్రిబ్యూట్ తీసేయడానికి రెండు క్లిక్‌లు చాలు.

పీహెచ్‌పీలో ఖాళీయా అని చూడటానికి ఎంప్టీ వాడకండి, "0" కూడా ఖాళీ అనేస్తుంది, పిల్లలు ఎంతమంది అనే గడిలో సున్నా రాస్తే రాయలేదంటుంది. ట్రిమ్ చేశాక ఖాళీ స్ట్రింగ్‌తో మూడు సమానాలు పెట్టి పోల్చండి. అంకెల దగ్గర ఇంకో సంగతి, యూజర్ తెలుగు అంకెల్లో ౨౫ అని కొట్టారనుకోండి, పైథాన్ ఇంట్ దాన్ని చక్కగా 25 అని తీసుకుంటుంది, పీహెచ్‌పీలో ఇంట్‌గా క్యాస్ట్ చేస్తే 0 వస్తుంది, జావాస్క్రిప్ట్ నంబర్ ఫంక్షన్ NaN, అంటే అంకె కాదు, అని ఇస్తుంది. ఆ పీహెచ్‌పీ సున్నా ప్రమాదకరం, ఎర్రర్ లేకుండా తప్పు డేటా లోపలికి వెళ్తుంది. క్యాస్ట్ చేయడం పరీక్ష కాదు, ఫిల్టర్ వార్‌లో ఇంట్ ఫిల్టర్ వాడి ఫాల్స్ వచ్చిందేమో చూడండి. ఫోన్ నంబర్‌ని, పిన్‌కోడ్‌ని అసలు అంకెగా మార్చకండి, ముందున్న సున్నాలు పోతాయి, వాటితో మనం కూడికలు చేయం కదా, స్ట్రింగ్‌గానే ఉంచండి.

తేదీ ఇన్‌పుట్ స్క్రీన్ మీద ఎలా చూపించినా సర్వర్‌కి ఎప్పుడూ 2024-02-29 లాంటి వరసలోనే పంపుతుంది, సంవత్సరం, నెల, రోజు. ఫిబ్రవరి 30 పంపితే పీహెచ్‌పీ డేట్‌టైమ్ గొడవ చేయకుండా మార్చిలోకి జరిపేస్తుంది, అందుకే చెక్‌డేట్ పెట్టాలి, పైథాన్ అయితే ఎర్రర్ ఇస్తుంది. డ్రాప్‌డౌన్‌లో మూడే ఆప్షన్లు ఇచ్చాం కాబట్టి మూడిట్లో ఒకటే వస్తుందని అనుకోకూడదు, సర్వర్‌లో ఆ మూడూ ఒక లిస్ట్‌గా పెట్టి అందులో ఉందో లేదో చూడాలి. ఈమెయిల్‌కి పేజీ పొడవున్న రెజెక్స్ దండగ, ఫ్రేమ్‌వర్క్‌లో ఉన్న చెక్ చాలు, నిజమైనదా కాదా అనేది కన్ఫర్మేషన్ మెయిల్ పంపితేనే తెలుస్తుంది.

హిడెన్ ఫీల్డ్‌లో ధర, డిస్కౌంట్, యూజర్ రోల్ లాంటివి పెట్టి వెనక్కి తీసుకోకండి. హిడెన్ అంటే స్క్రీన్ మీద కనపడదు అంతే, మార్చుకోవడం చాలా తేలిక. వస్తువు ఐడీ మాత్రం తీసుకుని ధర మీ డేటాబేస్‌లోంచి తీయండి. ఐడీ తీసుకున్నాక కూడా ఆ రికార్డ్ లాగిన్ అయిన ఈ మనిషిదేనా అని క్వెరీలోనే అడగండి. అలాగే వచ్చిన ఫీల్డ్స్ అన్నీ ఒకేసారి మోడల్‌లోకి గుమ్మరించకండి, కావాల్సిన పేర్లు మీరే రాసుకుని వాటినే ఏరుకోండి. 2012 మార్చిలో గిట్‌హబ్‌లో ఇదే జరిగింది, పబ్లిక్ కీ మార్చే ఫారంతో పాటు అందులో లేని యూజర్ ఐడీ కూడా కలిపి పంపి, ఒక డెవలపర్ రెయిల్స్ ఫ్రేమ్‌వర్క్ ప్రాజెక్ట్‌లోకి రాసే హక్కు తెచ్చుకుని చూపించాడు. రెయిల్స్‌లో పర్మిట్, పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ లారావెల్‌లో ఫిలబుల్, జాంగో ఫారంలో ఫీల్డ్స్ అని రాసేది ఇందుకే.

దాచేటప్పుడు ఒకటి, చూపించేటప్పుడు ఒకటి

డేటాబేస్‌లోకి పంపేటప్పుడు ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ తప్ప ఇంకో దారి వద్దు. క్వెరీ స్ట్రింగ్‌లో వాల్యూని అతికిస్తే, పేరులో సింగిల్ కోట్ ఉన్న మామూలు మనిషికే మీ పేజీ విరిగిపోతుంది, కావాలని చేసేవాడైతే కోట్ తర్వాత ఆర్ 1=1 రాసి మొత్తం టేబుల్ చదువుకుంటాడు. ఈ ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ గురించి 1998 నుంచీ చెప్తూనే ఉన్నారు, ఇప్పటికీ కొత్త కోడ్‌లో కనిపిస్తోంది. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌లో క్వెరీ ఒక దారిన, వాల్యూస్ ఇంకో దారిన వెళ్తాయి, వాల్యూలో ఏం రాసినా అది క్వెరీ అవ్వదు. గుర్తుంచుకోవాల్సింది ఏంటంటే టేబుల్ పేరు, కాలమ్ పేరు, ఏ వరసలో సార్ట్ చేయాలి అనేవి ఇలా పంపడం కుదరదు, వాటికి మళ్లీ మీ సొంత లిస్ట్‌లో ఉందో లేదో చూడటమే దారి. మైఎస్‌క్యూఎల్ అయితే యూటీఎఫ్8ఎంబీ4 పెట్టుకోండి, పాత యూటీఎఫ్8 అనేది 3 బైట్ల దాకే, తెలుగు పడుతుంది గానీ అభిప్రాయం చివర ఎవరైనా ఎమోజీ పెడితే అది 4 బైట్లు, సేవ్ అవ్వదు.

పేజీలో చూపించేటప్పుడు హెచ్‌టీఎంఎల్ ఎస్కేప్ చేయాలి, అంటే ట్యాగ్ గుర్తుల్ని మామూలు అక్షరాల్లా కనపడేలా మార్చాలి, లేకపోతే అభిప్రాయంలో ఎవరైనా స్క్రిప్ట్ ట్యాగ్ రాస్తే అది చూసిన ప్రతి ఒక్కళ్ల బ్రౌజర్‌లో నడుస్తుంది. జాంగో టెంప్లేట్లు, లారావెల్ టెంప్లేట్ బ్లేడ్‌లో రెండు మీసాల బ్రాకెట్లు ఈ పని తామే చేస్తాయి, ఉత్త పీహెచ్‌పీ అయితే హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ వాడాలి. దీన్ని సేవ్ చేసేటప్పుడే చేసేద్దాం అనుకోకండి. అలా చేస్తే డేటాబేస్‌లో అసలు మాట ఉండదు, రేపు అదే డేటా మెయిల్‌లోనో ఎక్సెల్‌లోనో పంపితే మనిషి పేరు మధ్యలో &#039; అని వస్తుంది, మళ్లీ ఎడిట్ చేసి సేవ్ చేస్తే ఆ యాంపర్‌సాండ్‌ని ఇంకోసారి ఎస్కేప్ చేసి ఇంకా పాడవుతుంది. ఉన్నది ఉన్నట్టు దాచండి, ఏ చోట చూపిస్తున్నారో ఆ చోటికి తగ్గట్టు అప్పుడు ఎస్కేప్ చేయండి.

కాంటాక్ట్ ఫారం నుంచి మెయిల్ పంపుతుంటే పేరు, ఈమెయిల్, సబ్జెక్ట్‌లలో లైన్ బ్రేక్ ఉంటే తిప్పి పంపేయండి. లైన్ బ్రేక్ తర్వాత బీసీసీ హెడర్ రాసి మీ సర్వర్ నుంచి వేల మందికి స్పామ్ పంపుకుంటారు.

ఫైల్ ఉంటే ఫారంకి మల్టీపార్ట్ ఎన్‌కోడింగ్ పెట్టాలి, మర్చిపోతే ఫైల్ రాదు, ఫైల్ పేరు మాత్రం వస్తుంది. ఆ పేరుని, దాంతో వచ్చే టైప్‌ని నమ్మకండి, రెండూ పంపినవాళ్లు రాసినవే. సైజు చూసి, లోపలి బైట్లు చూసి టైప్ తేల్చి, కొత్త పేరు మీరే పెట్టి, పబ్లిక్ ఫోల్డర్ బయట దాచండి.

వేరే సైట్‌లో ఉన్న పేజీ మీ యూజర్ బ్రౌజర్ చేత మీ ఫారంకి పోస్ట్ చేయించవచ్చు, దీన్ని ఆపడానికే సీఎస్ఆర్ఎఫ్ టోకెన్, అంటే మీ పేజీలోని ఫారంలో దాచి పంపే, వేరే సైట్‌కి తెలియని రహస్య కోడ్. జాంగోలో, లారావెల్‌లో రెడీగా ఉంటుంది, ఫారంలో ఒక లైన్ రాస్తే సరిపోతుంది. ఫ్లాస్క్‌లో విడిగా పెట్టుకోవాలి. లారావెల్‌లో 419 వచ్చిందంటే ఆ లైన్ మర్చిపోయారు లేదా సెషన్ అయిపోయింది, అంతేగానీ విసిగిపోయి ఆ రూట్‌ని మినహాయింపు లిస్ట్‌లో పెట్టకండి.

తిరిగి జవాబు ఇవ్వడం

తప్పులుంటే అదే ఫారం 422 (డేటా సరిగా లేదు అనే కోడ్) తో మళ్లీ చూపించండి, రాసినవన్నీ గడుల్లో అలాగే ఉండాలి, పాస్‌వర్డ్ ఒక్కటి తప్ప. పదిహేను గడులు నింపినవాళ్లకి ఒక్క తప్పుకి ఖాళీ ఫారం చూపిస్తే వాళ్లు మళ్లీ నింపరు, వెళ్లిపోతారు. తప్పులు ఒక్కొక్కటిగా చెప్పకుండా అన్నీ ఒకేసారి, ఏ గడి తప్పో దాని పక్కనే రాయండి.

అన్నీ బాగుంటే సేవ్ చేసి, అక్కడే "ధన్యవాదాలు" పేజీ ప్రింట్ చేయకుండా 303 అనే రీడైరెక్ట్ కోడ్‌తో ఇంకో అడ్రస్‌కి పంపండి. బ్రౌజర్ ఆ అడ్రస్‌ని గెట్‌తో తెరుస్తుంది, తర్వాత రీఫ్రెష్ ఎన్నిసార్లు కొట్టినా ఫారం మళ్లీ వెళ్లదు. 307 పెట్టకండి, అది పోస్ట్‌నే మళ్లీ పంపుతుంది. కానీ నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు జవాబు రాకముందే బటన్ రెండుసార్లు నొక్కేవాళ్లకి ఇది కూడా చాలదు. ఫారం చూపించేటప్పుడే ఒక యాదృచ్ఛిక నంబర్ హిడెన్ ఫీల్డ్‌లో ఇచ్చి, టేబుల్‌లో ఆ కాలమ్‌కి యూనిక్ పెట్టండి, రెండోసారి వచ్చింది డేటాబేస్ దగ్గరే ఆగుతుంది, అప్పుడు మీరు ఎర్రర్ చూపించకుండా మొదటిదాని పేజీకే పంపేయండి. ముందు సెలెక్ట్ చేసి లేదని చూసి తర్వాత ఇన్సర్ట్ చేయడం సరిపోదు, రెండు రిక్వెస్ట్‌లూ ఒకే క్షణంలో వస్తే రెండిటికీ లేదనే వస్తుంది.

పని అయ్యాక బ్రౌజర్ మూసేసి కర్ల్‌తో మీ ఫారం మీదికి మీరే వెళ్లండి. సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ తీసేసి ఒకసారి పంపండి, అది ఆగాలి. తర్వాత సరైన కుకీ, టోకెన్ ఇచ్చి ఫీల్డ్స్ ఏవీ లేకుండా ఒకసారి, అన్నీ ఉండి ఖాళీగా ఒకసారి, పేరు బదులు పేరు[] అని ఒకసారి, వయసులో ౨౫ అని, మైనస్ 1 అని, డ్రాప్‌డౌన్‌లో లేని మాటతో, పేరులో ఒక సింగిల్ కోట్‌తో, అభిప్రాయంలో స్క్రిప్ట్ ట్యాగ్‌తో, ఒక ఎమోజీతో, పది ఎంబీ ఫైల్‌తో, ఒకే రిక్వెస్ట్ ఒకేసారి రెండు టెర్మినల్స్ నుంచి. కోట్, ట్యాగ్, ఎమోజీ ఉన్నవి మామూలుగా సేవ్ అయ్యి రాసినట్టే కనపడాలి, రెండు టెర్మినల్స్ నుంచి పంపింది ఒక్కసారే సేవ్ అవ్వాలి, ౨౫ని తీసుకుంటారో వద్దంటారో మీ ఇష్టం గానీ సున్నా అవ్వకూడదు, మిగతావి 400, 413, 422లలో ఏదో ఒకటి ఇచ్చి ఆగాలి. ఎక్కడైనా 500, అంటే మీ కోడే పడిపోయిందనే ఎర్రర్, వస్తే ఆ ఫీల్డ్ దగ్గర ఇంకా పని మిగిలి ఉంది.